ఏడో రీలు

దత్తాత్రేయులు మాస్టారు ఏ వేళకి ఏ వీధిలో ఉంటారో ఆయన ఇంట్లోవాళ్ళ కంటే దేవానందానికే బాగా తెలుసు. ప్రేమకొద్దీ కాదు, తప్పించుకు తిరగడానికి. ఉదయం ఆరున్నరకి పాలకేంద్రం, తొమ్మిదికి లైబ్రరీ, సాయంత్రం ఐదుకి బస్టాండు వెనక కూరగాయల బజారు. ఆ వేళలు చూసుకుని దేవానందం తన దారులు మార్చుకునేవాడు. తిరువూరు లాంటి ఊళ్ళో ఒక మనిషికి నలభై అయిదేళ్ళపాటు ఎదురుపడకుండా బతకడం మాటలు కాదు. ఆ తెలివేదో ఇంకో పనికి వాడుంటే ఈపాటికి బాగుపడేవాడు.

అలాంటివాడి ఇంటి గుమ్మంలోకి ఒక గురువారం పొద్దున మాస్టారి కూతురు శర్వాణి నేరుగా వచ్చి నిలబడింది.

"దేవానందం గారంటే మీరేనాండి? నేను దత్తాత్రేయులు మాస్టారి అమ్మాయినండి."

ఆ సంగతి ఆవిడ చెప్పక్కర్లేదు. అదే నుదురు, అదే సూటి చూపు. దేవానందం భార్య రిబ్కా లోపల్నుంచి కుర్చీ తెచ్చి వేసింది, మంచినీళ్ళిచ్చింది. శర్వాణి నీళ్ళు తాగి, గ్లాసు ఒళ్ళోనే పెట్టుకుని చెప్పుకొచ్చింది.

"అమ్మ పోయిన దగ్గర్నుంచి నాన్నకి మతిమరుపు బాగా ఎక్కువైందండి. ఒకరోజు నన్ను గుర్తుపడతారు, ఒకరోజు 'ఏ క్లాసమ్మా నువ్వు' అంటారు. కానీ ఒక సినిమా సంగతి మాత్రం రోజూ చెప్తారు. నలుగురు రాకెట్టెక్కి అంగారక గ్రహానికి వెళ్తారే, ఆ పాత ఇంగ్లీషు బొమ్మ. చెప్తూ చెప్తూ మధ్యలో ఆగిపోయి 'మిగతాది దేవానందాన్ని అడుగు' అంటారండి."

"నా పేరే?" అన్నాడు దేవానందం.

"మీ పేరేనండి. ఆ సినిమా కోసం వెతికితే ఇంటర్నెట్లో దొరికింది. ఎవరో శుభ్రం చేసి పెట్టారు, కొత్తదాన్లా ఉంది. మన హైస్కూలు హెడ్మాస్టరు పవనకుమార్ గారు నాన్న స్టూడెంటే. వాళ్ళ బ్యాచ్ వాళ్ళు కూడా వస్తామన్నారు. ఆదివారం పదిన్నరకి క్లాసురూములో, ఆ పెద్ద టీవీ మీద వేద్దామనుకున్నాం. మీరొచ్చి అప్పట్లోలాగా మైకులో కథ చెప్తే, ఆ గొంతు విని నాన్న కాస్త మనుషుల్లో పడతారేమోనని ఆశ."

దేవానందం నీళ్ళు నమిలాడు. మోకాళ్ళ నొప్పులన్నాడు, గొంతు పోయిందన్నాడు, కళ్ళు సరిగా ఆనడం లేదన్నాడు. ఇంకో రెండు జబ్బులు చెప్పేవాడే గాని వెనకనుంచి రిబ్కా అందుకుంది.

"వస్తారమ్మా. ఆదివారమేగా, వస్తారు."

పెళ్ళైన కొత్తలో ఆదివారం పూట చర్చికి రాకుండా హాలుకి పోతున్నాడని మొగుడితో యుద్ధం చేసిన మనిషి ఈవిడ. ఇప్పుడు తనే ఆదివారాన్ని ఇచ్చేసింది. శర్వాణి లేచింది. గుమ్మం దాటుతూ, నవ్వుతూనే ఒక మాటంది.

"చిన్నప్పుడు నన్ను అందరూ ఏడో రీలు మాస్టారి కూతురనేవారండి. ఆ పేరు వినలేక స్కూలుకి చుట్టు తిరిగి వెళ్ళేదాన్ని. ఆ పేరెందుకొచ్చిందో నాన్న ఎప్పుడూ చెప్పలేదు. మీకేమైనా తెలుసా?"

"పాత సంగతులమ్మా," అన్నాడు దేవానందం.

ఆవిడ వెళ్ళిపోయాక రిబ్కా మొగుడి ముందుకొచ్చి నిలబడింది. ఆ పేరు వెనకున్న అసలు నిజం ఈ భూమ్మీద దేవానందం కాక తెలిసింది రిబ్కా ఒక్కతికే. పెళ్ళైన పదేళ్ళకి ఒకనాడు ఉండబట్టలేక చెప్పుకున్నాడు. అప్పట్నుంచి ఆవిడ "వెళ్ళి ఆయనతో చెప్పెయ్యండి" అనడం, ఇతను "రేపు" అనడం. ఆ రేపు రాకుండానే ముప్పై ఏడేళ్ళు గడిచాయి.

"దేవుడే మన గుమ్మంలోకి పంపించాడు. ఇంకా రేపంటారా?" అంది.

దేవానందం అటక మీదికి చూశాడు. అక్కడ, పాత దుప్పట్ల వెనక, ఒక స్టీలు టిఫిను డబ్బా ఉంది. మూత మీద 'కమలాంబ' అని చెక్కి ఉంటుంది.

*

పంతొమ్మిది వందల డెబ్భై తొమ్మిదిలో మధిర రోడ్డు మీద ఒక సినిమా హాలుండేది. ఇప్పుడది పత్తి గోడౌను. దేవానందం అందులో ఆపరేటరు. రోజూ సాయంత్రం నుంచి రెండాటలు తెలుగు బొమ్మ. ఆదివారం పొద్దున మాత్రం యజమాని పాత ఇంగ్లీషు బొమ్మలు తెప్పించేవాడు. అవి పాతికేళ్ళ కిందట అమెరికాలో ఆడి, దేశాలన్నీ తిరిగి, అరిగిపోయి, గీతలు పడి తిరువూరు చేరేవి. ఆకాశంలోంచి పళ్ళేల్లాంటి విమానాలు దిగేవి. ఇంటంత సాలీళ్ళు ఊళ్ళ మీద పడేవి. రేకు డబ్బాలు తొడుక్కున్న యంత్రాలు మనుషుల్లా నడిచేవి. జనం విరగబడి వచ్చేవాళ్ళు. గంపలగూడెం నుంచి, విస్సన్నపేట నుంచి సైకిళ్ళేసుకుని వచ్చేవాళ్ళు.

కాకపోతే అందులో మాటలు ఎవరికి అర్థం కావాలి? అందుకని క్యాబిన్లో ఒక మైకు పెట్టారు. బొమ్మ నడుస్తుంటే ఆపరేటరే గోడలోని కన్నంలోంచి తెర చూస్తూ, తెలుగులో కథ చెప్పాలి. దేవానందం గొంతు ఆ పనికే పుట్టినట్టుండేది. చర్చిలో పాటలు పాడి పాడి సానబట్టిన గొంతు. అతను "అదిగో, అటు చూడండి!" అంటే హాలు హాలంతా మెడలు చాచేది.

గొంతైతే ఉంది, ఇంగ్లీషు అంతంత మాత్రం. అది దత్తాత్రేయులు మాస్టారిది. హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పే ఆయనకి ఈ గ్రహాల బొమ్మలంటే చెప్పలేని పిచ్చి. శనివారం ఒంటిపూట బడి అవగానే, విజయవాడ బస్సులో దిగిన రీళ్ళ పెట్టెతో పాటే ఆయనా క్యాబిన్లో వాలేవారు. రీలు తర్వాత రీలు వేసుకుని, ఖాళీ హాల్లో ఇద్దరే చూసేవాళ్ళు. ఆయన మాటమాటకీ అర్థం చెప్పేవారు, ఇతను నోటుబుక్కులో రాసుకునేవాడు. మధ్యలో మాస్టారి భార్య కమలాంబ గారు పంపిన పులిహోర ఆ డబ్బా మూతలో ఒకరికి, డబ్బాలో ఒకరికి. ఆ రోజుల్లో అలా ఒక అయ్యవారు, ఒక ఆపరేటరు ఒకే డబ్బాలో తినడం చూసి కొందరు ముక్కున వేలేసుకున్నారు. మాస్టారు ఎవరినీ లెక్కచేయలేదు.

ఆయన చదువుకునే రోజుల్లో విజయవాడలో మూడుసార్లు చూసిన బొమ్మ ఒకటుంది. అన్నిట్లోకీ అదంటేనే ఆయనకి ప్రాణం. యజమాని వెంటపడి, వెంటపడి, చివరికి ఆ ఏడు ఆగస్టులో దాన్ని తెప్పించారు. గోడల మీద 'అంగారక వీరులు' అని తెలుగు పేరు రాయించారు. తన పదో తరగతి పిల్లలకి నెల రోజులు ఆ కథ ఊరించి ఊరించి చెప్పారు, చివర మాత్రం చెప్పకుండా.

కథ పెద్దదేం కాదు. నలుగురు రాకెట్టులో ఆ ఎర్ర గ్రహానికి వెళ్తారు. తుఫానులో రాకెట్టు ఇసుకలో కూరుకుపోతుంది. అది లేవాలంటే ఎవరో ఒకరు బయట ఉండి, కిందనుంచి ఒక గొలుసు విప్పాలి. విప్పినవాడు మళ్ళీ ఎక్కలేడు. నలుగురిలో మెకానిక్కు ఒకడున్నాడు. పెద్దగా మాట్లాడడు, ఎప్పుడూ చేతికి నూనె మరకలే. అతను మిగతావాళ్ళకి చెప్పకుండా కిందకి దిగిపోతాడు. రాకెట్టు లేచేసరికి ఆరో రీలు అయిపోతుంది.

ఆ శనివారం ఆరు రీళ్ళూ చూశాక మాస్టారు లేచి చొక్కా సర్దుకున్నారు.

"ఏడోది నాకిప్పుడొద్దు దేవానందం. రేపు పిల్లలతో కలిసి చూస్తాను. నువ్వు మాత్రం ఒక్క మాట గుర్తుపెట్టుకో. అందులో మూడు నిమిషాలు మాటల్లేవు, పాటలేదు. ఆ మెకానిక్కు ఒక్కడే నిలబడి, వెళ్ళిపోతున్న రాకెట్టుకి టార్చిలైటు ఎత్తి చూపిస్తుంటాడు. వాళ్ళు వెనక్కి రారు. రారని అతనికీ తెలుసు. అయినా లైటు దించడు. ఆ మూడు నిమిషాలూ నువ్వు మాట్లాడకు. మైకు కట్టేయ్. ఊరికే చూడనివ్వు వాళ్ళని."

"అలాగే మాస్టారూ."

ఆయన వెళ్ళాక, చూస్తే పోయేదేముందని దేవానందం ఏడో రీలు ఎక్కించాడు. తెర మీద ఆ మెకానిక్కు మొహం వచ్చింది. అంత పెద్ద తెర నిండా ఒక్క మొహం. చెయ్యి నూనె మరకలతోనే ఉంది, అచ్చం తన చెయ్యి లాగే. దేవానందానికి ఏదో అయింది. ఇంకొక్క క్షణం చూద్దామనిపించింది. చెయ్యి దానంతటదే వెళ్ళి మిషను ఆపేసింది.

నడిచే ఫిల్మును లైటు ఏమీ చెయ్యదు. ఆగిందో, ఆ మంట లాంటి వెలుగుకి రెండు లెక్కపెట్టేలోపు కాలిపోతుంది. ఆపరేటరు పని నేర్చుకునేవాడికి మొదటిరోజు చెప్పే పాఠమిది. దేవానందానికి తెలియక కాదు, ఆ మొహం ముందు మరిచిపోయాడు. మెకానిక్కు చెంప మీద గోధుమరంగు బుడగ లేచింది, విప్పారింది, మొహమంతా కరిగిపోయింది. కాళ్ళూ చేతులూ ఆడక మళ్ళీ మోటారు వేశాడు. అది రెండో తప్పు. ఇరుక్కున్న ఫిల్ము పళ్ళచక్రాలకి చుట్టుకుని, ఆపేలోపే సగం రీలు చీలికలై కాళ్ళ దగ్గర గుట్టపడింది.

అప్పుడే పరుగెత్తుకెళ్ళి మాస్టారికి చెప్పి ఉంటే ఈ కథే లేదు. చెప్పలేదు. అంతకు ముందు ఏడు, ఒక్క రీలు చింపాడని పాత ఆపరేటర్ని యజమాని నడి హాల్లో తిట్టి పంపేశాడు. ఆ పనే తనకి దొరికింది. రిబ్కాకి ఏడో నెల. దేవానందం ఆ ముక్కలన్నీ ఊడ్చి, రీలు డబ్బాలోనే కుక్కి, మూత బిగించాడు.

ఆదివారం హాలు కిటకిటలాడింది. ముందు వరసల్లో పదో తరగతి పిల్లలు, వాళ్ళ మధ్య మాస్టారు. దేవానందం ఎప్పటికంటే బాగా చెప్పాడు. భయం వల్ల గొంతు ఇంకా పదునెక్కింది. ఆరో రీలు అయింది. తెర తెల్లబడింది. మైకులో దేవానందం ఆగలేదు.

"ఆ రాకెట్టులో ఉన్న నాయకుడు ఊరుకుంటాడా? మనవాణ్ణి వదిలేసి మనం ఇళ్ళకి పోతామా అన్నాడు! రాకెట్టు వెనక్కి తిప్పాడు! మెకానిక్కుని ఎక్కించుకున్నాడు! నలుగురూ క్షేమంగా భూమికి చేరుకున్నారు! శుభం!"

ఈలలు, చప్పట్లు. జనానికి కావలసింది అదే కదా. ఆ గోలలో మాస్టారు లేచి నిలబడ్డారు. క్యాబిన్ కన్నం వైపు తిరిగి, పిల్లవాడు పలక మరిచిపోతే గుర్తుచేసినట్టు, నవ్వుతూనే చెప్పారు.

"దేవానందం! ఇంకో రీలుంది. ఏడో రీలు మరిచిపోయావ్. వాళ్ళు వెనక్కి రారు!"

హాలు ఒక్కసారి గప్చిప్పయింది. తలుపు దగ్గర యజమాని నిలబడి పైకి చూశాడు. ఆ చూపు దేవానందానికి సూటిగా తగిలింది. మైకు చేతిలోనే ఉంది.

"మాస్టారికి క్లాసులో వచ్చే ఇంగ్లీషు సినిమాలో రాదండీ! ఈ బొమ్మకి ఆరే రీళ్ళు. ఏడో రీలు కావాలంటే మాస్టారు ఇంటికెళ్ళి తీసుకోవాలి. కూర్చోండి మాస్టారూ, వెనకవాళ్ళకి తెర అడ్డం!"

హాలు పగలబడి నవ్వింది. పదో తరగతి పిల్లలు మొదట బిక్కమొహాలు వేశారు, తర్వాత వాళ్ళూ నవ్వారు. మాస్టారు కూర్చోలేదు. ఆ కన్నం వైపే కాసేపు చూశారు. కోపంగా కూడా కాదు, అర్థంకానట్టు. తర్వాత వరసలోంచి బయటికి నడిచి వెళ్ళిపోయారు. ఆట అయ్యాక ఇద్దరూ తిందామని తెచ్చిన టిఫిను డబ్బా క్యాబిన్ మెట్ల మీదే ఉండిపోయింది.

సోమవారం రీళ్ళ పెట్టె బస్సెక్కింది. విజయవాడలో దాన్ని ఎవరూ తెరవలేదు. అది ఆ ప్రింటుకి ఆఖరి ప్రయాణమనీ, ఆ నెలలోనే తుక్కుకి పోయిందనీ రెండేళ్ళ తర్వాత అక్కడి గుమాస్తా మాటల సందర్భంలో చెప్పాడు. ఎవరూ అడగని తప్పుని దాచడానికి దేవానందం అంత పని చేశాడన్నమాట. అది విన్న రోజు ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాడు. ఈలోపు ఊళ్ళో పేరు పాతుకుపోయింది. ఏడో రీలు మాస్టారు. బోర్డు మీద రాసేందుకు ఆయన వెనక్కి తిరిగితే చాలు, క్లాసులో ఎవరో ఒకరు "ఏడో రీలు వెయ్యండి సార్" అని గొంతు మార్చి అరిచేవారు. ఆయన రిటైరయ్యే దాకా అరుస్తూనే ఉన్నారు. అప్పటికి ఆ పేరెందుకొచ్చిందో ఆ పిల్లలకీ తెలీదు.

ఒక్కసారి, తొంభై ఒకటిలో, తప్పించుకోలేకపోయాడు. విస్సన్నపేట బస్సు కోసం బస్టాండులోకి వెళ్తే బెంచీ మీద మాస్టారు. ఆయన తలెత్తి చూశారు. చూసి, బెంచీ మీద కాస్త పక్కకి జరిగారు. ఒక మనిషి కూర్చునేంత చోటు. దేవానందం ఆ చోటు వైపు చూశాడు, కిళ్ళీకొట్టు వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. బస్సు వచ్చింది, మాస్టారు ఎక్కారు, వెళ్ళిపోయింది. ఆ చోటు మీద కూర్చోనందుకు దేవానందం తనని తాను ఎన్నిసార్లు తిట్టుకున్నాడో లెక్కలేదు. నెలనెలా మొదటి ఆదివారం చర్చిలో రొట్టె, ద్రాక్షరసం అందుకోవడానికి ప్రభు బల్ల దగ్గరికి నడిచేటప్పుడు తప్పకుండా ఆ బెంచీయే గుర్తొచ్చేది.

*

ఆదివారం పదిగంటలకి దేవానందం డబ్బా చంకలో పెట్టుకుని హైస్కూలుకి చేరాడు. రిబ్కా అతన్ని గేటు దాకా దిగబెట్టి, లోపలికి వెళ్ళేదాకా అక్కడే నిలబడింది. ఈ మనిషిని నమ్మడానికి లేదని ఆవిడకి తెలుసు.

దారిపొడుగునా మాటలు కూడగట్టుకుంటూనే వచ్చాడు. ముందు మైకు తీసుకోవాలి. ఆనాడు నవ్వినవాళ్ళు వచ్చి ఉంటారు, వాళ్ళందరి ముందూ చెప్పాలి. మాస్టారు చెప్పిందే నిజమని, ఏడో రీలు తనే పాడుచేశానని, ఆయన్ని నవ్వులపాలు చేశానని. ఆ తర్వాతే బొమ్మ.

క్లాసురూములో బెంచీలు ఒకవైపు జరిపి కుర్చీలు వేశారు. నెరిసిన జుట్లు, బట్టతలలు, కళ్ళజోళ్ళు. వాళ్ళే ఆ పదో తరగతి. హెడ్మాస్టరు పవనకుమార్ ఎదురొచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాడు. ముందు కుర్చీలో, తెల్లటి ఇస్త్రీ చొక్కాలో మాస్టారు. బాగా చిక్కిపోయారు. చూపు మాత్రం ఏదో వెతుకుతున్నట్టుంది.

దేవానందం ఆయన ముందు నిలబడ్డాడు.

"నమస్కారం మాస్టారూ. నేను, దేవానందాన్ని."

మాస్టారు చాలా మర్యాదగా తల పంకించారు. "అలాగాండి. కూర్చోండి. మాకూ ఒక దేవానందం ఉన్నాడండి. కుర్రాడు. మీకంటే చాలా చిన్నవాడు. వస్తానన్నాడు, ఇంకా రాలేదు."

దేవానందం డబ్బా ఆయన చేతికిచ్చాడు. మాస్టారు మూత మీద అక్షరాలు వేలితో తడిమారు. "ఇది కమల డబ్బా," అన్నారు సంతోషంగా. "పులిహోర పంపిందా?" డబ్బాని ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులా పట్టుకున్నారు.

శర్వాణి దగ్గరికొచ్చి మెల్లగా చెప్పింది. "నాన్న ఎక్కువసేపు కూర్చోలేరండి. ముందు బొమ్మ వేసేద్దామా?"

ఇదిగో, మళ్ళీ అదే. దేవానందానికి ఎవరో బరువు దించినట్టయింది. సరే, ముందు బొమ్మ కానిద్దాం, తర్వాత చెప్దాం అనుకున్నాడు. అలా అనుకున్నందుకు సిగ్గూ వేసింది. అయినా మైకు అందుకుని పక్కన కూర్చున్నాడు.

కిటికీలు మూశారు. పెద్ద టీవీ మీద నల్లటి ఆకాశం, తెల్లటి చుక్కలు. ఒక్క గీత లేదు, ఒక్క మచ్చ లేదు. ఇంత బాగుండేదా ఈ బొమ్మ అని దేవానందం ఆశ్చర్యపోయాడు. నోరు విప్పాడు. డెబ్భై మూడేళ్ళ గొంతు మొదట కాస్త జీరపోయింది, తర్వాత దారిలో పడింది.

"అదిగో, అటు చూడండి! చుక్కల మధ్యనించి వస్తున్నదే మన రాకెట్టు!"

మాస్టారు ఉలిక్కిపడి నిటారుగా కూర్చున్నారు. మొహం వెలిగిపోయింది. గోడకున్న స్పీకరు వైపు వేలు చూపించారు.

"వచ్చాడమ్మా! వాడే! మా దేవానందం!"

శర్వాణి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. పక్క కుర్చీలో ఉన్న ముసలివాణ్ణి మాస్టారు చూడనే లేదు. ఆయనకి దేవానందమంటే గోడలోంచి వచ్చే ఆ గొంతే. దేవానందం చెప్పుకుపోయాడు. నోటుబుక్కు ఎప్పుడో పోయినా ఒక్క మాట తప్పలేదు. అవన్నీ మాస్టారు చెప్పిన మాటలే. తుఫాను వచ్చింది, రాకెట్టు కూరుకుపోయింది, మెకానిక్కు ఎవరికీ చెప్పకుండా దిగాడు. రాకెట్టు లేచింది.

ఆనాడు తెర తెల్లబడిన చోటు దాటి బొమ్మ నడిచింది. ఆ మొహం వచ్చింది. దేవానందం మైకు కట్టేశాడు. మాట ఇచ్చిన నలభై అయిదేళ్ళకి.

మూడు నిమిషాలు గదిలో ఎవరూ కదల్లేదు. ఆ ఒంటరి మనిషి టార్చిలైటు ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. రాకెట్టు చుక్కంత అయింది, పోయింది. అతను లైటు దించలేదు. అది తనంతట తనే చిన్నదై, మినుకు మినుకుమని, ఆరిపోయింది. వెనక కుర్చీలో పవనకుమార్ "అయ్యో" అన్నాడు. ఆ "అయ్యో" మెకానిక్కు కోసం కాదు. "సార్ చెప్పింది నిజమేరా," అన్నాడు పక్కవాడితో. "ఏడో రీలు ఉంది."

మాస్టారు కంగారుపడ్డారు. "ఇదేంటమ్మా? వాళ్ళు వెనక్కి రావాలి కదా? ఇదెవరో కొత్తగా అతికించారు. దేవానందం! ఎక్కడున్నావ్? చెప్పవేం?"

ఇక ఆగలేదు దేవానందం. ఆగితే మళ్ళీ ఎప్పటికీ చెప్పలేడు. మైకు వేశాడు. అది కీచుమంది.

"మాస్టారూ, నేను దేవానందాన్ని. వాళ్ళు వెనక్కి రారు మాస్టారూ. మీరు చెప్పిందే నిజం. ఏడో రీలు నేనే తగలేశాను. శనివారం మీరెళ్ళాక మిషను ఆపి కాల్చేశాను. ఉద్యోగం పోతుందని భయపడి, నలుగురి ముందూ మిమ్మల్ని అబద్ధాలకోరుని చేశాను. ఇన్నేళ్ళూ మీరు ఆ పేరు మోసేట్టు చేశాను. నన్ను క్షమించండి మాస్టారూ."

శర్వాణి చేత్తో నోరు మూసుకుని అతని వైపే చూస్తోంది. పదో తరగతి పిల్లలు, ఆ అరవయ్యేళ్ళ పిల్లలు, తలలు దించుకున్నారు.

మాస్టారు స్పీకరు వైపు చెవి ఒగ్గి శ్రద్ధగా విన్నారు. విని, మెల్లగా నవ్వారు. ఆ నవ్వులో ఏ కల్మషమూ లేదు.

"నీదెప్పుడూ జాలిగుండేనోయ్. నా పరువు కోసం తప్పు నీ మీదేసుకుంటున్నావా? వద్దు. ఆ రోజు ఇంటికెళ్ళి చాలా ఆలోచించాను. ఎప్పుడో కుర్రతనంలో చూసిన బొమ్మ. నేనే పొరపాటు పడ్డాను. నువ్వు రీళ్ళు చేత్తో పట్టుకున్నవాడివి, నీకు తెలీదా? నిండు హాల్లో లేచి నిన్ను తప్పుపట్టాను. స్నేహితుణ్ణి అలా అనొచ్చా?" ఆయన గొంతు తగ్గింది. "ఆ మాట చెబుదామని ఎన్నిసార్లు హాలు దాకా వచ్చానో. ఒకసారి బస్టాండులో కూడా చూశాను నిన్ను. పక్కకి జరిగి చోటిచ్చాను. నువ్వు రాలేదు. ఇంకా కోపం పోలేదేమో అనుకున్నాను."

మైకులోంచి దేవానందం ఊపిరి గదంతా వినపడుతోంది.

"ఆరే రీళ్ళోయ్ దానికి. నువ్వన్నదే నిజం. వాళ్ళు వెనక్కి వచ్చారు," అన్నారు మాస్టారు. గోడ మీది స్పీకరుకి రెండు చేతులూ జోడించారు. "నేనన్నది మనసులో పెట్టుకోకు. ఏమీ అనుకోలేదు కదూ?"

ఆయన జవాబు కోసం చూస్తున్నారు. ఇంకోసారి నిజం చెప్పడానికి దేవానందం నోరు తెరిచాడు. ఆ జోడించిన చేతులు చూశాడు. శర్వాణి వైపు చూశాడు. ఆవిడ కళ్ళనీళ్ళతో, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

దేవానందం మైకు నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు.

"ఏమీ అనుకోలేదు మాస్టారూ," అన్నాడు.